ఇల్లు అన్న పేరు మీద ఇప్పుడే రాసివ్వాలా, వీలునామా చాలా?

ఆదోని ఆడబిడ్డ:
నాయనకు 74, అమ్మకు 68. నాయన మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేసి కట్టుకున్న ఇల్లు ఆదోనిలో ఉంది, ఊర్లో తాత ఆస్తి భాగాల్లో వచ్చిన మూడెకరాల మెట్ట ఉంది. రెండూ ఇప్పుడే తన పేరు మీద సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) చేయించమని అన్న పట్టుబట్టినాడు, ఎట్లయినా చూసుకునేది నేనే కదా, తర్వాతైతే ఆఫీసుల చుట్టూ తిరగాల అంటాడు. అన్న చెడ్డోడేం కాదు, వదిన కూడా బాగానే చూస్తుంది. కానీ ఇల్లు చేతిలో నుంచి పోయినాక అమ్మ మాట సాగుతుందా? నేను నోరు తెరిస్తే వాటా కోసమే అంటారు. వీలునామా రాస్తే సరిపోదా?

రాతకోతలు:
సెటిల్‌మెంట్ అంటే రిజిస్టర్ అయిన రోజే హక్కు మీ అన్నకు పోతుంది, రేపు మనసు మారినా మీ నాయన ఒక్కడే రద్దు చేసుకోలేడు. వీలునామా ఆయన తర్వాతే అమల్లోకి వస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయినా చేయించండి, నాయన కదల్లేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి రమ్మని కోరవచ్చు.

అసలు పని సాక్షుల దగ్గర. ఇద్దరు కావాలి. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే వాళ్లలో ఒకరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి, మనోళ్లేమో నాయన ఈడు స్నేహితులనే తీసుకొస్తారు, అవసరం పడేసరికి వాళ్లూ ఉండరు. వయసులో చిన్నవాళ్లను, ఆస్తిలో ఏమీ రానివాళ్లను పెట్టండి.

పొలం సంగతి వేరు. ఇల్లు స్వార్జితం కాబట్టి ఆయన ఇష్టం. భాగాల్లో వచ్చిన పొలంలో మాత్రం హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో మీకూ కొడుకుతో సమానంగా హక్కుంది, సుప్రీంకోర్టు 2020లో అదే తేల్చింది. నాయన వీలునామా రాసినా తన వాటాకే రాయగలడు.

బుగ్గ మిరప:
ఎందుకంత టెన్షన్? రాసిచ్చేయండి. చూడకపోతే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది కదా, ఆర్డీఓకు అర్జీ పెడితే క్యాన్సిల్ అయిపోతుంది.

కొండారెడ్డి బురుజు:
ఈ మాట నమ్ముకునే చాలామంది ఇరుక్కుంటున్నారు. ఆ చట్టం సెక్షన్ 23 చెప్పేది, మమ్మల్ని చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూడకపోతే రద్దు చేయొచ్చని. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో గిఫ్ట్ డీడ్ రద్దు చేసి ఇల్లు వెనక్కి ఇప్పించింది, పెద్దవాళ్ల వైపు ఉదారంగా చూడాలంది, కానీ అక్కడ కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉంది. మామూలు సెటిల్‌మెంట్లలో "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని రాసి వదిలేస్తారు, అదే కొంప ముంచేది.

మీ అన్న ఇప్పుడే కావాలని మరీ పట్టుబడితే, అమ్మానాయన బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు వాళ్లదే, తిండి, మందులు, వైద్యం చూడాలి, చూడకపోతే దస్తావేజు రద్దు అని అందులోనే రాయించండి. నిజంగా చూసుకునేవాడికి ఆ వాక్యంతో ఏం ఇబ్బంది? ఏదైనా తేడా వస్తే ఆదోని ఆర్డీఓ దగ్గరే ట్రిబ్యునల్, మీద అప్పీలు కలెక్టరుకు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినా దారి చెప్తారు, ఖర్చు లేదు.

ఆదోని ఆడబిడ్డ:
పొలంలో నాకూ హక్కుందని నాయనకే తెలియదు అనుకుంటా. ఇంకొకటి, బ్యాంకు డిపాజిట్‌కు అన్నే నామినీ. అది కూడా ఆయనదేనా?

రాతకోతలు:
కాదు. నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. వీలునామా లేకపోతే అమ్మకు, అన్నకు, మీకు సమానంగా రావాలి. అందుకే వీలునామాలో డిపాజిట్లు కూడా రాయించండి, చాలామంది ఇల్లూ పొలమూ రాసి ఆపేస్తారు. నాయనతో మాట్లాడేటప్పుడు అన్నను కూడా కూర్చోబెట్టండి, వెనకాల చేయిస్తే అప్పుడు నిజంగానే వాటా కోసం అంటారు.