ఏలికపాముల మందు వేశాక మళ్ళీ రెట్టలో బియ్యం గింజల్లాంటివి పడుతున్నాయి, మందు పని చెయ్యనట్టేనా?

పెరటిగూడు:
అందరికీ నమస్తే. మా దగ్గర పెరట్లో వదిలి పెంచే కోళ్లు, పెట్టలు పుంజులు పిల్లలు అన్నీ ఒకే చోట తిరుగుతాయి. ఈమధ్య రెండు మూడు పెట్టలు మేత బాగానే తింటున్నాయి కానీ చిక్కిపోయాయి, చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకుంటోంది, తురాయి పాలిపోయింది, గుడ్లు కూడా తగ్గాయి. రెట్టలో తెల్లగా పొడుగ్గా ఒక పురుగు కనపడితే లెవామిసోల్ నీళ్లలో కలిపి పెట్టాను, మర్నాడు అలాంటివే చాలా పడ్డాయి, హమ్మయ్య అనుకున్నాం. కొన్ని వారాలకి ఇప్పుడు మళ్ళీ బియ్యం గింజ సైజులో తెల్లటి ముక్కలు పడుతున్నాయి, కొన్ని కదులుతున్నాయి కూడా. మందుకి అలవాటు పడిపోయాయా? డోసు పెంచాలా? ఇంకోటి, నెల దాటిన పిల్లల్లో కొన్ని రెక్కలు వేలాడేసి కునుకుతున్నాయి, రెట్టలో ఎర్రగా ఉంది. వాటికీ ఇదే మందు వెయ్యొచ్చా? పావురాలు కూడా ఉన్నాయి, అన్నిటికీ కలిపి ఒకేసారి వేసేస్తే ఓ పనైపోతుంది కదా అని.

రెట్ట_పరీక్ష:
అన్నా డోసు మాత్రం పెంచొద్దు. లెవామిసోల్ ఎక్కువైతే విషమవుతుంది. పైగా మందు పనిచేసింది, మీరు చూసిన పొడుగు పురుగులు పోయాయి కదా. అవి ఏలికపాములు (అస్కారిడియా గల్లి), చిన్నపేగులో ఉంటాయి, 5 నుంచి 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఇప్పుడు పడుతున్నవి బద్దెపురుగు ముక్కలు, అది వేరే జాతి, లెవామిసోల్ దాన్నేం చెయ్యదు, పైపరజీన్ కూడా అంతే. అది అసలు పెద్ద ఏలికపాముల మీద తప్ప ఇంక దేనిమీదా సరిగా పనిచెయ్యదు, అయినా చాలామంది చవగ్గా వస్తుందని అన్నిటికీ అదే పోస్తుంటారు. బద్దెపురుగులకి ప్రాజిక్వాంటెల్ కావాలి, డాక్టర్‌ని అడిగి బరువు చూసి వెయ్యండి.

కానీ ప్రాజిక్వాంటెల్ వేసినా మళ్ళీ వస్తాయి, ఎందుకంటే బద్దెపురుగు కోడి నుంచి కోడికి నేరుగా అంటదు. మధ్యలో ఇంకో జీవి ఉండాలి. రాలిన ముక్కల్లో గుడ్లుంటాయి, వాటిని చీమలో పేడపురుగులో ఈగలో నత్తలో తింటాయి (ఏ రకం బద్దెపురుగుకి ఏ జీవి అనేది మారుతుంది), ఆ జీవిని కోడి తింటుంది, రెండు మూడు వారాల్లో పేగులో మళ్ళీ ముక్కలు రాల్చే సైజుకొస్తుంది. ప్రాజిక్వాంటెల్ వేశాక అంత త్వరగా తిరిగొస్తే మందుని తిట్టేముందు గూడు కింద చీమల పుట్టలు చూసుకోవాలి.

పిల్లల సంగతి అర్జెంట్. రెక్కలు వేలాడటం, రెట్టలో రక్తం, అదీ ఆ వయసులో, నాకైతే కాక్సిడియోసిస్ అనిపిస్తోంది, దాన్నే రక్తపారుడు అంటారు. అది పురుగే కాదు, కాక్సిడియా అనే కంటికి కనపడని ఏకకణ జీవి, పేగు గోడ కణాల్లోకి దూరి పగలగొట్టుకుంటూ పోతుంది. ఏ నట్టల మందుకీ లొంగదు. ఆంప్రోలియం గానీ టోల్ట్రాజురిల్ గానీ వాడతారు. నీళ్లలో మందు పెడితే మిగతా నీటి పాత్రలన్నీ తీసెయ్యండి, కునుకుతున్న పిల్ల తనంతట తను తాగదు కాబట్టి విడిగా తాగించాలి. ఆంప్రోలియం ఇస్తున్నన్నాళ్లూ బలానికని బీ1 ఉన్న విటమిన్ టానిక్ కలపొద్దు, ఆ మందు పనిచేసేదే ఆ జీవికి బీ1 అందకుండా చేసి.

నాటువైద్యం:
ఇన్ని మందులెందుకండీ, వెల్లుల్లి దంచి నీళ్లలో వేసి, గుమ్మడి గింజలు మేతలో కలిపితే పురుగులన్నీ పోతాయి, మేం ఎప్పుడూ ఇంతే, మా కోళ్లు భేషుగ్గా ఉన్నాయి.

ఊక_పరుపు:
@నాటువైద్యం గారూ మీ కోళ్లు బాగుండటానికి వెల్లుల్లే కారణమని ఎలా తెలిసిందండీ? మూడు నెలలు దాటిన కోడికి ఏలికపాముల్ని తట్టుకునే శక్తి దానంతటదే కొంత వస్తుంది, మేత బాగుండి విటమిన్ ఏ లోటు లేకపోతే కొద్దిపాటి పురుగులున్నా పైకి తెలీదు. పెట్టండి, తప్పేం లేదు, కానీ చిక్కిపోయిన పెట్టకీ రక్తం పడుతున్న పిల్లకీ అదే పెట్టి కూర్చుంటే పిల్ల పోతుంది.

పావురాల గురించి ఎవరూ చెప్పలేదు. అన్నిటికీ ఒకే మందు అన్నారు కదా, దయచేసి ఆ పని చెయ్యకండి. కోళ్లకి బాగా పనిచేసే ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ పావురాలకి పడవు, ఎముక మజ్జ దెబ్బతిని చచ్చిపోయిన సందర్భాలున్నాయి, బతికినా కొత్త ఈకలు వంకరగా వస్తాయి. పావురాల్లో వెంట్రుక లాంటి సన్న పురుగులు (క్యాపిల్లేరియా) మహా మొండివి, కొన్ని చేరినా పక్షి ఎండిపోతుంది, వాటికి పక్షుల డాక్టర్‌నే అడగాలి. పిల్లల కాక్సిడియా మాత్రం పావురాలకి అంటదు, దేని రకం దానికే.

పెరటిగూడు:
చాలా థాంక్స్, పిల్లల్ని ఇందాకే వేరు చేశాం, డాక్టర్‌తో మాట్లాడి ఆంప్రోలియం మొదలుపెట్టాం. ఇంకో డౌట్, గుడ్డు పగలగొడితే లోపల పురుగు ఉందని ఎవరో ఫోటో పెట్టారు, అది నిజమేనా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్లకి అంటుకుంటుందా? రెట్ట పరీక్షకి తీసుకెళ్లాలంటే ఎలా పట్టుకెళ్లాలి?

రెట్ట_పరీక్ష:
నిజమే కానీ చాలా అరుదు. కోడికి రెట్ట, గుడ్డు రెండూ ఒకే దారిలో వస్తాయి, ఏలికపాము దారి తప్పి గుడ్డు తయారయ్యే గొట్టంలోకి పైకి పాకితే పెంకు లోపల చిక్కుకుపోతుంది. కోళ్ల ఏలికపాము మనుషుల్లో బతకదు, చూడ్డానికి రోత తప్ప భయం లేదు. మీరు భయపడాల్సింది గుడ్డులో మిగిలే మందు గురించి. మందు వేశాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో సీసా మీద రాసుంటుంది, ఒక్కో మందుకి ఒక్కోలా ఉంటుంది, గుడ్లు పెట్టే కోళ్లకి అసలు వెయ్యకూడనివీ ఉంటాయి.

పరీక్షకి ఒక్క కోడిది కాకుండా నాలుగైదు చోట్ల నుంచి తాజా రెట్ట తీసుకోండి. గట్టిగా తెల్ల టోపీతో ఉండేదీ, మధ్యమధ్యలో వేసే ముద్దగా గోధుమరంగులో కంపుకొట్టేదీ, రెండూ కావాలి. ఆ కంపుది గుడ్డిపేగు (పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే పేగు) నుంచి వచ్చేది, చాలామంది దాన్ని చూసి పారుడు అనుకుని కంగారుపడతారు గానీ అది మామూలే. ల్యాబ్‌లో చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే పురుగు గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోప్‌లో చూస్తారు. బద్దెపురుగు మాత్రం ముక్కలుగా రాలుతుంది కాబట్టి ఈ పరీక్షలో దొరక్కపోవచ్చు, మీకు కనపడ్డ ముక్కల్నే చిన్న సీసాలో నీళ్లలో వేసి పట్టుకెళ్లండి. ఏదైనా కోడి చచ్చిపోతే పారెయ్యకుండా కోయించండి, పేగుని నిలువుగా చీల్చి నల్లటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో పరిస్తే 4 మిల్లీమీటర్ల బద్దెపురుగు కూడా కనపడుతుంది, లేకపోతే పేగు పొరేమో అనుకుని వదిలేస్తాం.

ఊక_పరుపు:
నేల గురించి ఒక ముక్క. ఏలికపాము గుడ్డు రెట్టలో పడగానే ప్రమాదం కాదు, తడి, వెచ్చదనం ఉంటే లోపల పిల్ల తయారవడానికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది, కాబట్టి వారానికోసారి గూడు ఊడ్చి రెట్ట తీసేస్తే ఆ పురుగు సగం దారికొస్తుంది. కాక్సిడియాకి ఈ లెక్క పనికిరాదు, ఒకటి రెండు రోజుల్లోనే అది అంటుకునే దశకి వస్తుంది. మామూలు ఫినాయిల్, బ్లీచింగ్ దాన్ని ఏమీ చెయ్యవు, పొడిగా ఉంచడమే ముఖ్యమైన దారి. నీటి పాత్ర చుట్టూ తడిసిన ఊక ఉంటుంది చూడండి, జబ్బంతా అక్కడే, దాన్ని రోజూ తీసి పొడిది వెయ్యండి, పిల్లల్ని పెద్దవాటితో కలపకండి, పెద్ద కోళ్లు పైకి బాగానే ఉండి రెట్టలో వదులుతూనే ఉంటాయి.

గింజలబుట్ట:
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, మేం కోళ్ల దగ్గరే టర్కీ పిల్లల్ని పెంచుదాం అనుకుంటున్నాం, ఇవన్నీ వాటికీ వస్తాయా?

రెట్ట_పరీక్ష:
కలిపి పెంచకండి బ్రో. కోడి గుడ్డిపేగులో సన్నటి పురుగు ఉంటుంది, హెటరాకిస్, ఒక సెంటీమీటరు పైచిలుకు, కోడికి దానివల్ల పెద్ద నష్టం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ దాని గుడ్డు లోపల హిస్టోమోనాస్ అనే ఇంకో జీవి దాక్కుని ఉంటుంది, అది టర్కీ గుడ్డిపేగునీ కాలేయాన్నీ తినేస్తుంది, రెట్ట గంధకం రంగులో పసుప్పచ్చగా వస్తుంది, మందలో చాలావరకు పోతాయి. ఒకసారి పట్టుకున్నాక మందుతో బతికించడం చాలా కష్టం. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వానపాములు తింటే వాటి ఒంట్లోనూ ఉంటాయి. అందుకని కోళ్లు ఇప్పుడు లేకపోయినా ఇంతకుముందు తిరిగిన నేల అయితే టర్కీ పిల్లల్ని అక్కడ దించొద్దు, వేరే చోటు చూసుకోండి, కోళ్ల గూట్లో వాడిన పారా, చెప్పులు కూడా అటు తీసుకెళ్లొద్దు.