మిద్దె మీది గదిలో ఆటోమేటిక్ డ్రిప్: బ్యాగుల అడుగున కారే నీళ్లను ఎలా బయటికి పంపాలి?

ప్రశ్న: మిద్దెతోట, అనంతపురం

మాది అనంతపురం. టెర్రస్ మీద కాప్సికం పెడితే మార్చి దాటేసరికి పూతంతా రాలిపోతోంది. అందుకే ఈసారి పైన ఖాళీగా ఉన్న పది బై పన్నెండు గదిలో ఎల్ఈడీ లైట్లు కట్టించి 24 గ్రో బ్యాగులు పెట్టాను. వరుసకు ఆరు, నాలుగు వరుసలు. అన్నిట్లో కోకోపీటే (కొబ్బరి పీచు పొడి), మట్టి లేదు. మొక్కలు బాగున్నాయి.

ఇబ్బందంతా నీళ్లతోనే. నేను స్కూల్లో టీచర్ని. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఐదున్నరకు గానీ ఇల్లు చేరను. మగ్గుతో గబగబా పోసి పరిగెత్తాల్సి వస్తోంది. సెలవులకు గుంతకల్లులో అమ్మ దగ్గరికి వెళ్లాలంటే మొక్కల గురించే టెన్షన్. డ్రిప్ పెట్టి టైమరు బిగించాలని ఉంది.

గది పైనే వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. దాన్నుంచి పైపు దించి సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) పెడితే మోటారు లేకుండా సరిపోదా? గదిలో తూము లేదు, టైల్స్ సమంగా ఉన్నాయి. గోడ అవతల బాత్రూమ్ ఉంది. కింది పోర్షన్లో అద్దెకున్నవాళ్లున్నారు. వాళ్ల స్లాబు చెమ్మెక్కితే ఊరుకోరు, ఊరుకోవాల్సిన పని కూడా లేదు. అందుకని అడుగున చుక్క కారకుండా, మొక్కకు కావలసినంతే లెక్కగా ఇచ్చేలా చేయొచ్చా? మాది బోరు నీళ్లు. మీటరు పెడితే టీడీఎస్ 800 చూపిస్తోంది. బ్యాగుల పైన, అంచుల వెంట తెల్లగా పొర కడుతోంది.

జవాబు: డ్రిప్ ఫిట్టర్, తాడిపత్రి

మేడం, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. చుక్క కారకుండా మాత్రం పెట్టొద్దు. మన నీళ్లకు అది కుదరదు.

టీడీఎస్ 800 అంటే లీటరు నీళ్లలో సుమారు 0.8 గ్రాముల లవణాలు ఉన్నట్టు. బ్యాగుకు రోజుకు అర లీటరు ఇచ్చారనుకోండి, 0.4 గ్రాములు లోపలికి పోయాయి. నెలకు 12 గ్రాములు, ఒక్కో బ్యాగులో. మీరు వేసే ఎరువులు దీనికి అదనం. మొక్క నీళ్లు తాగుతుంది, కాల్షియం, మెగ్నీషియం కొంత తీసుకుంటుంది. సోడియం, క్లోరైడ్ చాలా భాగం అక్కడే మిగిలిపోతాయి. మీరు చూస్తున్న తెల్ల పొర ఇలా మిగిలినదే. చేలో అయితే చౌడు అంటాం. చేనును ఎప్పుడో ఒకప్పుడు వానొచ్చి కడుగుతుంది. మన జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, ఆ మాత్రం వానకే పొలంలో ఉప్పు కిందికి దిగుతుంది. మీ గదిలోకి వాన రాదు కదా. ఆ కడిగే పని డ్రిప్పే చేయాలి. ఇచ్చిన నీళ్లలో నూటికి పదిహేను ఇరవై వంతులు అడుగు నుంచి బయటికి రావాలి.

ఇంకో సంగతి. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాలను లెక్కగట్టే కొలతను ఈసీ అంటాం. మామూలు మీటర్ల లెక్కన 800 టీడీఎస్ అంటే ఈసీ 1.6. కాప్సికంకు ఎరువుతో కలిపి ఉండాల్సిన ఈసీలో ముప్పాతిక వంతు నీళ్లే తినేస్తున్నాయి, ఎరువుకు చోటెక్కడ? వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాను నీళ్లు సగం, బోరు నీళ్లు సగం కలపండి. ఈసీ దాదాపు సగానికి దిగుతుంది. గదికి ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లు కూడా పట్టుకోండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు.

ఇక ట్యాంకు. పై ట్యాంకుకు నేరుగా కలపడం నాకు ఇష్టం లేదు. పది మీటర్ల ఎత్తు ఉంటే ఒక బారు ప్రెజరు వస్తుంది. మీ ట్యాంకుకూ బ్యాగులకూ మధ్య మహా అయితే మూడు మీటర్లు. అంటే 0.3 బారు. ప్రెజరు మారినా ఒకే లెక్కన నీళ్లిచ్చే ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లకు అది చాలదు, ఒక బ్యాగుకు ఎక్కువ, ఒక బ్యాగుకు తక్కువ పడుతుంది. మార్కెట్లో దొరికే సోలెనాయిడ్ వాల్వుల్లో చాలావాటికి పనిచేయడానికే కొంత ప్రెజరు కావాలి, తక్కువైతే సరిగా మూసుకోవు. మీరు స్కూల్లో ఉండగా వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుందనుకోండి, వెయ్యి లీటర్లూ గదిలోకి వస్తాయి. అదే గదిలో యాభై లీటర్ల డ్రమ్ము పెట్టి చిన్న మోటారుతో కొడితే, ఎంత పెద్ద పొరపాటు జరిగినా యాభై లీటర్లతో ఆగిపోతుంది. కింద మనుషులున్న ఇంట్లో నేను చూసే మొదటి లెక్క ఇదే.

డ్రమ్ములో నీటి మట్టం డ్రిప్పర్ల కంటే కిందే ఉండాలి. పైన ఉంటే మోటారు ఆగాక కూడా సైఫన్ పట్టి నీళ్లు పోతూనే ఉంటాయి. మోటారు తర్వాత 120 మెష్ ఫిల్టరు, ఆ తర్వాత వరుస వెంట వెళ్లే 16 ఎంఎం పైపు (లాటరల్), దాని మీద బ్యాగుకొక డ్రిప్పరు, అక్కడి నుంచి సన్న ట్యూబు, చివర బ్యాగులో గుచ్చే పుల్ల. డ్రిప్పరు గంటకు రెండు లీటర్లది తీసుకోండి. నాలుగు లీటర్లది కోకోపీట్‌లో పక్కలకు పాకకముందే సూటిగా కిందికి జారిపోతుంది. కొనేటప్పుడు నాన్ లీకేజ్ రకం అని అడగండి. మామూలు డ్రిప్పర్లయితే మోటారు ఆగిన ప్రతిసారీ పైపులో మిగిలిన నీళ్లన్నీ పల్లంలో ఉన్న బ్యాగులోకే దిగుతాయి.

రెండు లీటర్ల డ్రిప్పరు మూడు నిమిషాలు నడిస్తే 100 మిల్లీలీటర్లు. రోజుకు ఐదు సార్లు ఇస్తే అర లీటరు, 24 బ్యాగులకు 12 లీటర్లు. అందులో రెండు లీటర్ల దాకా బయటికి రావాలి. కాపు మీదికి వచ్చాక బ్యాగుకు లీటరు కూడా దాటొచ్చు, అప్పుడు సార్లు పెంచండి, నిమిషాలు కాదు. బిగించిన రోజే ప్రతి పుల్ల కింద గ్లాసు పెట్టి మూడు నిమిషాలు నడిపి కొలవండి. తేడా ఉన్న డ్రిప్పరు అప్పుడే దొరికిపోతుంది.

బోరు నీళ్లకు డ్రిప్పరు మూతుల్లో సుద్ద పడుతుంది. పూడినవాటిని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. చేలల్లో మేం వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూసిన గదిలోకి తేవద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు హాని, ఇనుప స్టాండూ తుప్పు పడుతుంది. కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో చిక్కగా ఒకే బకెట్లో కలపొద్దు. విరిగిన పాలలా ముద్దలు కట్టి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. వేరువేరుగా కరిగించి, డ్రమ్ము నిండా నీళ్లున్నప్పుడు ఒకదాని తర్వాత ఒకటి పోయండి.

జవాబు: కర్నూలు, వంటింటి పక్క గదిలో టమాటా, తులసి

అక్కా, నీళ్లు ఇచ్చే సంగతి అన్న వివరంగా చెప్పారు, బయటికి పోయే సంగతి నేను చెప్తాను. మా గదికీ తూము లేదు.

నేలకు వాటం లేదు కాబట్టి వాటం స్టాండుకే ఇవ్వాలి. ఇనుప యాంగిల్‌తో అడుగు ఎత్తు స్టాండు చేయించి, ఒక్కో వరుస కింద నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా సగానికి కోయించి కాలువలా పెట్టండి. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాటం చాలు. మీ వరుస తొమ్మిదడుగులు ఉంటుందనుకుంటే ఈ చివరికీ ఆ చివరికీ రెండంగుళాల తేడా. కంటితో చూసి వేయొద్దు, మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబుతో లెవల్ చూసుకోండి. బ్యాగు కాలువలో కూర్చోకూడదు. పైన ప్లాస్టిక్ జాలీ వేసి దాని మీద పెట్టండి. కారిన నీళ్లలో బ్యాగు అడుగు తడిసి ఉంటే అదే ఉప్పు మళ్లీ పైకి పీలుస్తుంది, వేళ్లూ కుళ్లుతాయి.

కాలువ పైన బ్యాగు లేని చోట్లన్నీ నల్ల షీటుతో మూయండి. లైటు పడితే పది రోజుల్లో పాచి, దాని వెంటే చిన్న నల్ల ఈగలు. నాలుగు కాలువలూ కలిసేచోట ఒకటిన్నర అంగుళం పైపు, మూతికి స్టీలు జాలీ. మలుపు దగ్గర ఎల్బోకు బదులు టీ (మూడు మూతుల జాయింటు) వేసి, మూడో మూతికి మూత బిగించండి. కోకోపీట్ నలుసులు, వేళ్లు అక్కడే చిక్కుకుంటాయి. మూత తిప్పి తీసేస్తే పని అయిపోతుంది. గోడకు రంధ్రం చేసి పైపును బాత్రూమ్ జాలీ పైన వదిలేయండి, డ్రైనేజీ పైపుకు నేరుగా కలపొద్దు. కలిపితే ఆ వాసన, బొద్దింకలు గదిలోకి వస్తాయి.

మొత్తం స్టాండు కింద సిల్పాలిన్ షీటు (నీళ్లు దిగని మందపాటి ప్లాస్టిక్ పట్టా) పరిచి, నాలుగు వైపులా రెండంగుళాలు పైకి మడవండి. పైపు ఎక్కడ ఊడినా నీళ్లు ముందు అందులో నిలుస్తాయి. ఇది మాత్రం కచ్చితంగా చేయండి అక్కా, కిందివాళ్ల స్లాబును కాపాడేది ఈ షీటే.

కారే నీళ్లను వారానికొకసారి కొలవండి. లోపలికి పోయే నీళ్ల ఈసీ 2 ఉండి, కారేది 3 దాటిందంటే బ్యాగులో ఉప్పు పేరుకుంటోందని అర్థం. ఆ రోజు పల్చటి నీళ్లతో బాగా కడిగేయాలి.

జవాబు: కరెంటు పని, కడప

పిన్నులు నొక్కే పాత టైమరు కొనొద్దు మేడం. దాంట్లో కనీసం పదిహేను నిమిషాలు, అంటే ఒక్కసారే బ్యాగుకు అర లీటరు పడుతుంది. పైగా కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఆగి టైము వెనక్కి పోతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి, నిమిషాల్లో పెట్టుకోవచ్చు.

మోటారుకు బ్యాటరీ స్ప్రేయర్లలో వచ్చే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు చాలు. పురుగు మందుల షాపుల్లో, పంపులు బాగుచేసేవాళ్ల దగ్గర విడిగా దొరుకుతుంది. టైమరూ 12 వోల్టులదే తీసుకుని రెండింటినీ చిన్న బ్యాటరీ మీద పెడితే కరెంటు కోతతో పని లేదు. 24 డ్రిప్పర్లకు గంటకు 48 లీటర్లే, అంటే నిమిషానికి లీటరు కూడా లేదు. ఈ పంపు అంతకంటే చాలా ఎక్కువ తోస్తుంది. ఎక్కువైన ప్రెజరుకు దాని స్విచ్చు టకటకా ఆగుతూ వస్తూ త్వరగా పాడవుతుంది. అందుకని ఒక టీ పెట్టి, చిన్న వాల్వుతో ఎక్కువ నీళ్లను డ్రమ్ములోకే తిప్పండి.

సిల్పాలిన్ షీటు మీద ఒక ఫ్లోట్ స్విచ్చు (నీళ్లు చేరి తేలగానే కరెంటు ఆపేది) పెట్టి, దాని వైరు పంపు లైనులో సిరీస్‌గా కలపండి. షీటు మీద నీళ్లు నిలిస్తే పంపు దానంతటదే ఆగిపోతుంది. గదిలో లైట్లన్నీ 230 వోల్టులవే కాబట్టి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేకుండా మొదలుపెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు: మిద్దెతోట, అనంతపురం

అందరికీ ధన్యవాదాలు. పై ట్యాంకు ఆలోచన మానేశాను, డ్రమ్ముతోనే వెళ్తాను. స్టాండుకు వెల్డింగ్ అబ్బాయితో మాట్లాడాను. ఒక్కటే మిగిలింది. రోజూ రెండు లీటర్లు బాత్రూమ్‌లోకి వదిలేయడానికి మనసు రావడం లేదు, ఈ ఊళ్లో పెరిగినదాన్ని కదా. పెరట్లో ఒక కొబ్బరి చెట్టు, ఒక నిమ్మ చెట్టు ఉన్నాయి. వాటికి పోయొచ్చా?

జవాబు: డ్రిప్ ఫిట్టర్, తాడిపత్రి

కొబ్బరికి పోయండి, అది ఉప్పును బాగానే తట్టుకుంటుంది. నిమ్మకు వద్దు. చీనీ, నిమ్మ జాతి చెట్లకు ఉప్పు అసలు పడదు, ఆకు కొసలు మాడి రాలిపోతాయి. బకెట్లో పట్టి మూత పెట్టండి, తెరిచి ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. రెండు రోజులకు మించి నిల్వ ఉంచొద్దు. కొబ్బరికి కూడా చెట్టు మొదలు దగ్గర కాకుండా మూడడుగుల దూరంలో పాదు తీసి, చుట్టూ చోటు మారుస్తూ పోయండి.