26 ఫిల్మ్ కెమెరాలు, ఒక బీరువా: పనిచెయ్యనివాటిని విప్పి వాడుకోవడం తప్పా?

లాసన్స్‌బే:
మా ఇల్లు విశాఖ లాసన్స్‌బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. పన్నెండేళ్లుగా పోగేసిన 26 ఫిల్మ్ కెమెరాలు ఒక బీరువాలో ఉన్నాయి. 9 పనిచేస్తాయి. మిగిలినవాటిలో కొన్నిటికి షట్టర్ పడదు, కొన్నిటి లెన్సులో ఫంగస్ (బూజు). ఉప్పుగాలికి కొన్నిటి స్క్రూలు తుప్పు పట్టి కదలవు. అమ్మాయి ఇంటర్‌కి వచ్చింది, ఆ గది తనకి ఇవ్వాలి. 10 ఉంచుకుని మిగతావి వదిలించుకుందామని అనుకుంటున్నాను. వాటిలో యాషికా ఎలక్ట్రో 35లు మూడు. మూడూ పనిచెయ్యవు. రెండిటిని విప్పి, ఆ సామానుతో ఒకదాన్ని బతికించాలని నా ఆలోచన. తప్పంటారా?

రీలుమామ:
విప్పకండి. ముందు జబ్బేమిటో చూశారా? ఎలక్ట్రోలో లోపల చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి అది పొడైపోతుంది. ఫిల్మ్ లీవర్ తిప్పినప్పుడు లోపల 'టక్' మని వినపడాలి. వినపడలేదంటే ఆ ముక్క పోయినట్టే. మూడింటికీ అదే జబ్బైతే రెండిటిని విప్పి ఏం తీస్తారు? మూడింట్లోనూ అది పోయే ఉంటుంది కదా! అసలు బ్యాటరీ వేసి చూశారా? అప్పట్లో 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ వేసేవారు, ఇప్పుడది రాదు. 6 వోల్టుల ఆల్కలైన్‌ని అడాప్టర్‌లో పెడితే చక్కగా నడుస్తుంది. బ్యాటరీ లేకపోతే ఆ కెమెరా ఎప్పుడూ దాదాపు 1/500 సెకను వేగంతోనే కొడుతుంది. అది చూసి చెడిపోయిందని పారేసినవాళ్లు ఎంతమందో.

ఎంవీపీ వాసి:
రబ్బరు ముక్క సంగతి తర్వాత. ఫంగస్ ఉన్నవాటిని ఈ రోజే బీరువాలోంచి తియ్యండి. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. వదిలించుకోవడం అక్కడ మొదలుపెట్టాలి.

రీలుమామ:
అంటుకోదు. ఫంగస్ విత్తనం గాలిలోనే ఉంటుంది, మంచి లెన్సు మీద కూడా ఉంటుంది. అది మొలకెత్తడానికి చెమ్మ కావాలి. మన ఊళ్లో చెమ్మకి కరువా? గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే పక్కన ఫంగస్ లెన్సున్నా ఏమీ కాదు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

కంచరపాలెం కుర్రాడు:
నా దగ్గర ఆగ్ఫా క్లిక్ 3 ఉంది. 120 రోల్, 12 ఫొటోలు. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను.

ఎంవీపీ వాసి:
అంటుకోదని ఎలా అంటారండీ? 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి మా ఇంటి కిటికీ అద్దాలన్నీ పోయాయి. కరెంటు వచ్చేదాకా ఒక ఫంగస్ లెన్సు, రెండు శుభ్రమైన లెన్సులు ఒకే తోలు సంచిలో పెట్టాను. రెండు నెలల తర్వాత తీసి చూస్తే మూడింట్లోనూ సాలెగూడులా ఫంగస్. ఒకదానికి కోటింగ్ కూడా తినేసింది, ఎంత తుడిచినా ఆ మచ్చ పోలేదు. నా కళ్లతో చూసింది అబద్ధమా?

రీలుమామ:
మీరు చూసింది నిజమే. కారణం ఆ తోలు సంచి. తోలు తడి పీల్చి వదలదు. మూడూ ఒకే తడిలో ఉన్నాయి, మూడింటికీ పట్టింది. ఫంగస్ లెన్సు పక్కన లేకపోయినా పట్టేది.

జగదాంబ దగ్గర:
విప్పేవాళ్లకి ఒక మాట. జపాన్ కెమెరాల స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. తెలిసినాయన ఒకాయన మా యాషికా మ్యాట్ షట్టర్ ఆకుల మీద కుట్టుమిషన్ నూనె పోశాడు. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఇక తెరుచుకోలేదు. ఆ ఆకులు పొడిగా ఉండాలి.

ఎంవీపీ వాసి:
రీలుమామ గారూ, ఆయన అడిగింది ఏవి తియ్యాలని. మీరు మొదటినుంచీ ఏదో ఒక వంక చెప్పి అన్నీ ఉంచమంటున్నారు. మీ ఇంట్లో ఎన్నున్నాయో చెప్పండి.

రీలుమామ:
41. మీకెందుకు?

ఎంవీపీ వాసి:
ఎందుకో చెబుతాను. మా నాన్నగారికి స్టూడియో ఉండేది. ఆయన పోయాక మూడు బీరువాల సామాను మిగిలింది. దేనికి ఏ లెన్సో, ఏది పనిచేస్తుందో ఒక్క చీటీ లేదు. మా అమ్మ ఏడేళ్లు ఆ గది తాళం తియ్యనివ్వలేదు. చివరికి కేజీల లెక్కన వెళ్లిపోయాయి. తూకం రాళ్ల పక్కన నాన్న రోలీఫ్లెక్స్ కెమెరా పెట్టి ఉండగా చూశాను. ఆయన బతికుండగా పది ఉంచుకుని మిగతావి వాడేవాళ్లకి ఇచ్చి ఉంటే అలా అయ్యేదా? మీ 41 రేపు ఎవరు సర్దుతారు?

రీలుమామ:
చదివాను. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

నేను 22 ఏళ్లు పెళ్లిళ్లకి ఫొటోలు తీశాను. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్స్, తర్వాత కలర్. చేతిలో ఎప్పుడూ ఒకే యాషికా మ్యాట్. మానేశాక ఒక సేకరణకారుడు వచ్చి, 'మాస్టారూ, నా దగ్గర భద్రంగా ఉంటుంది' అని ఎంతో బతిమాలితే ఇచ్చాను. ఏడాది తిరక్కుండా అది ముక్కలై అమ్మకానికి వచ్చింది. ముందు పలక మీద నేను అంటించిన చిన్న వినాయకుడి బొమ్మని బట్టి గుర్తుపట్టాను. విప్పుతానని చెప్పే తీసుకుని ఉంటే నాకు బాధ లేదు, కావలసింది నేనే విప్పి ఇచ్చేవాణ్ణి. అందుకే లాసన్స్‌బే గారిని అడుగుతున్నాను. ఆ ఎలక్ట్రోలు మీకు ఎవరిచ్చారు? ఏమని చెప్పి తీసుకున్నారు?

లాసన్స్‌బే:
ఇది ముందే రాయాల్సింది. రెండు కొన్నవే. మూడోది పెద్ద వాల్తేరులో ఒకావిడ ఇచ్చారు. 'మా ఆయనది, మీరైతే చూసుకుంటారు' అన్నారు. అడుగు రేకు మీద ఆయన పొడి అక్షరాలు, 1978 అని సూదితో గీసి ఉన్నాయి. విప్పాలనుకున్న రెండిట్లో అదొకటి. లెన్సు శుభ్రంగా ఉన్నది దానికే.

ఎంవీపీ వాసి:
ఆవిడకి ఫోన్ చెయ్యండి. ఈ విషయంలో రీలుమామ గారితో నాకు పేచీ లేదు.

లాసన్స్‌బే:
సాయంత్రం వెళ్లి కలిశాను. రేకు చూపిస్తే స్క్రూల్లో రెండు వేరే రకమని ఆవిడే చూపించారు. 'ఆయన కూడా ఇంకో చెడిపోయిన కెమెరాలోంచి తీసి దీనికి పెట్టేవారు బాబూ. మీరూ అలాగే చేసుకోండి. ఆ అక్షరాలున్న రేకు మాత్రం నాకిచ్చెయ్యండి' అన్నారు. రేకు ఇచ్చేసి వచ్చాను. వేరే ఎలక్ట్రో రేకు దానికి సరిపోయింది. ఇప్పుడు లెన్సు తియ్యడం మానేసి, ముందు రబ్బరు ముక్క మార్చి చూస్తాను.

రీలుమామ:
మంచి పని చేశారు. ముక్క ఎంత మందంలో కోసుకోవాలో చెబుతాను, ఆదివారం తీసుకురండి. ఎంవీపీ గారూ, మీరు కూడా రండి. నా 41కి చీటీలు రాయడానికి ఒక మనిషి కావాలి.

ఎంవీపీ వాసి:
వస్తాను. ఫంగస్ మాత్రం అంటుకుంటుంది.

గాజువాక నుంచి:
ఆ ఆగ్ఫా క్లిక్ ఇంకా ఉందా అండీ?