1980 ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ కారు కొనొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం. మేముండేది అమెరికాలో, మిషిగన్‌లోని లాన్సింగ్‌లో. పక్కింటి పెద్దాయన తన 1980 ఓల్డ్స్‌మొబైల్ డెల్టా 88 అమ్మేస్తానంటున్నారు. డీజిల్ బండి. ధర తక్కువే, నాకు మనసు లాగుతోంది. మా ఆవిడేమో "ఉన్న కారుకే చోటు లేదు" అంటోంది.

ఈ కంపెనీ పుట్టింది ఈ ఊళ్లోనే, 1897లో. 1908లో జనరల్ మోటార్స్‌లో కలిసింది. ఆ గ్రూపు బ్రాండ్లలో షెవర్లే కంటే పైమెట్టు, కాడిలాక్ కంటే కిందిమెట్టు. 1977లో పది లక్షలకు పైగా కార్లు అమ్మిన బ్రాండు, 2004 ఏప్రిల్‌లో అలేరో అనే మోడల్ చివరి కారుతో మూతపడింది. అంత వెలిగినది ఇలా అయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నా భయమంతా ఇంజిన్ గురించే. 1978 మోడళ్లతో వచ్చిన ఈ 5.7 లీటర్ల డీజిల్‌ను తమ పెట్రోల్ ఇంజిన్ డిజైన్ ఆధారంగానే చేశారట. డీజిల్ ఒత్తిడికి హెడ్ బోల్టులు (ఇంజిన్ పైభాగాన్ని బిగించేవి) ఆగక, ఆ అతుకు లీకవకుండా మధ్యలో ఉండే గాస్కెట్లు పోయేవి. ఇంధనంలోని నీటిని వేరుచేసే ఏర్పాటు కూడా లేదు. 1985తో ఆపేశారు. చాలామంది విసిగిపోయి పెట్రోల్ ఇంజిన్ వేయించుకున్నారు.

పెద్దాయన బండిలో మాత్రం పాత డీజిలే ఉంది, స్టార్ట్ కూడా అవుతోంది. గట్టి రకం హెడ్ బోల్టులు, నీటి సెపరేటర్ వేయిస్తే నమ్ముకోవచ్చా? లేక పెట్రోల్‌కు మార్చడమే మంచిదా? కొనేముందు మెకానిక్‌తో ఏమేం చూపించాలి? ఇలాంటిది నడిపినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఆదివారంలోగా ఆయనకు మాట చెప్పాలి.