ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో వాలంటీర్ పని: విజిటర్ వీసా మీద ఉన్న నాన్నగారు చేయొచ్చా?

చికాగో వైపు ఉండేవాళ్లు ఎవరైనా యూనియన్ ఊళ్లో ఉన్న ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో వాలంటీర్‌గా పని చేశారా? మా నాన్నగారు కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు విజిటర్ వీసా మీద మా దగ్గరున్నారు. మొన్న అక్కడికి తీసుకెళ్తే 1630 నంబరు స్టీమ్ ఇంజన్ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు (1918లో బాల్డ్విన్ వాళ్లు రష్యా కోసం తయారుచేశారట, అక్కడ విప్లవం రావడంతో ఇక్కడి రైల్వేలకే ఇచ్చేశారు). 1953లో మొదలైన ఈ మ్యూజియాన్ని నడిపేది దాదాపు అంతా వాలంటీర్లేనని తెలిశాక "నన్నూ ఓ శనివారం దింపెయ్యరా" అని ఒకటే గొడవ.

నా అసలు టెన్షన్ వీసా. జీతం లేకుండా చేసినా విజిటర్ వీసాకి ఇబ్బందేమైనా వస్తుందా, లాయర్ని అడిగినవాళ్లు ఉంటే వాళ్లేం చెప్పారో రాయండి. పని చేస్తూ దెబ్బ తగిలితే విజిటర్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా, లేక మ్యూజియం వాళ్లదేమైనా ఉంటుందా?

మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి ఇంజన్ కిందకి దూరే పనులు వద్దు, బల్ల దగ్గర కూర్చుని వాల్వులు శుభ్రం చేయడం లాంటివి కొత్తవాళ్లకి ఇస్తారా? బాయిలర్ ట్యూబు, బ్రేక్ షూ లాంటి మాటలన్నీ ఆయనకి ఇంగ్లిష్‌లోనే వచ్చు గానీ అమెరికన్ల యాస అందదు, నేను పక్కనుంటే ఒప్పుకుంటారా? సేఫ్టీ బూట్లు మనమే కొనుక్కోవాలా? చలికాలంలో షెడ్లలో పని ఉంటుందా? ముందు వీసా సంగతి తెలిస్తే చాలు, మిగతావి తర్వాతైనా చెప్పండి.