మా ఆయనకు డిప్రెషన్, 14 నెలలుగా: ఇంట్లోవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

నీరెండ:
ఆయన మందులు వాడుతున్నారు. ఒక నెల బాగుంటారు, మళ్లీ రెండు నెలలు మంచం దిగరు. జీతం నాది ఒక్కటే. పాపకు తొమ్మిదేళ్లు. మూడు విషయాలు అడగాలని వచ్చాను. సెలవు కావాల్సి వచ్చినప్పుడు ఆఫీసులో ఏం చెప్తున్నారు? పాపకు ఎంతవరకు చెప్పాలి? మూడోది నా సంగతే. ఈమధ్య లిఫ్టులో ఒక్కదాన్నే ఉంటే ఊరికే ఏడుపొచ్చేస్తోంది. రోజూ ఆయన పడుకున్నాక లేచి, ఫోన్ వెలుతురులో టాబ్లెట్ల షీటు తీసి లెక్కపెట్టి, కేలండర్‌లో చుక్క పెట్టాకే నాకు నిద్ర. ఇదంతా మామూలేనా?

మూడోఅంతస్తు:
సెలవు గురించి నేనేం చెప్పలేనమ్మా, నేను ఉద్యోగమే మానేశాను. మా అమ్మకు ఆరేళ్లుగా ఉంది. స్నానానికి లేపడానికే గంట పడుతుంది. తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాను. "ఇంకో ఐదు నిమిషాలు" అంటుంది, నీళ్లు చల్లారిపోతాయి, మళ్లీ కాచుకొస్తాను. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ అమ్మ ఎలా ఉందని అడుగుతారు. నువ్వెలా ఉన్నావని అడిగింది మా చిన్నమ్మ ఒక్కతే.

పాతచెట్టు:
నీరెండ గారూ, ఆ లెక్కపెట్టడం దయచేసి ఆపేయండి. నేను మీ ఆయన వైపు మనిషిని. నాకు రెండుసార్లు వచ్చి తగ్గింది. మా ఆవిడా ఇలాగే చేసేది. నాకు తెలియదనుకునేది. నేను పెట్టినప్పుడు షీటు బోర్లా ఉండేది, పొద్దున చూస్తే వెల్లకిలా. అసలే దేనికీ పనికిరానని కుమిలిపోతున్నవాణ్ని, సొంత ఇంట్లో దొంగలా అనిపించేది.

పెద్దకూతురు:
మీ బాధ అర్థమైంది కానీ, ఆమెను తప్పుపట్టకండి. మా నాన్న "వేసుకున్నానమ్మా" అంటూనే 20 రోజులు వేసుకోలేదు. నమ్మాం. మంచివాళ్లం కదా, అనుమానించకూడదు కదా అని. ఆ తర్వాత ఆసుపత్రిలో గడిపిన నెలంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. లెక్కపెట్టి ఉంటే ఆ నెల మాకు తప్పేది.

గోలీలపెట్టె:
22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను, ఈ మందుల గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందరూ చేసే తప్పు ఒకటే. వారం వాడి పని చేయలేదంటారు, రెండు నెలలకు బాగైపోయిందని ఆపేస్తారు. తేడా తెలియడానికే రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టుండటం. జబ్బు తిరగబెట్టిందో, మందు ఆపినందుకో తెలియక ఇంటిల్లిపాదికీ టెన్షన్. కాబట్టి లెక్కపెట్టాల్సిందే. మరీ మొండికేస్తే పాలల్లో కలిపి ఇచ్చేయండి, చాలామంది చేసేదే.

పాతచెట్టు:
పాలల్లో కలపడమా? 22 ఏళ్లుగా ఇదేనా మీరు చెప్తున్నది? ఒక్కసారి ఆ సంగతి తెలిస్తే ఆ మనిషి ఆ ఇంట్లో ఇంకేదైనా నమ్మి నోట్లో పెట్టుకుంటాడా?

గోలీలపెట్టె:
నెలల తరబడి ఏడుస్తూ నా కౌంటర్ ముందు నిలబడే తల్లులను మీరు చూడలేదు. చూసి మాట్లాడండి.

పాతచెట్టు:
నేను కౌంటర్‌కి ఇవతల నిలబడ్డవాణ్ని సార్. మీరే చూడలేదు.

రాత్రిడ్యూటీ:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను మానసిక వార్డులో నర్సును. పాలల్లో కలపొద్దు. నమ్మకం మాట అలా ఉంచండి, కొన్ని మాత్రలు మెల్లగా కరిగేలా చేసినవి, పొడి చేస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది. వేసుకోనంటే ఎందుకో కనుక్కోండి. ఆకలి చచ్చిందనో, దాంపత్యంలో ఇబ్బందిగా ఉందనో చెప్పలేక మానేసేవాళ్లు ఉంటారు. డాక్టరుకు చెప్తే మందు మార్చొచ్చు.

లెక్క సంగతికొస్తే, చాటుగా చేయడంలోనే ఉంది చిక్కంతా. ఏడు గదుల డబ్బా తెచ్చుకుని, వారానికోసారి ఇద్దరూ కలిసి నింపుకోండి. ఇంట్లోవాళ్ల మాట తీరు చిన్న విషయం కాదు. 1989లో హూలీ, టీస్‌డేల్ అనే ఇద్దరు పరిశోధకులు డిప్రెషన్ రోగులను "మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు?" అని అడిగారు. ఎవరికి మళ్లీ తిరగబెడుతుందో చెప్పడంలో, వాళ్లు చూసిన మిగతా అంశాల కన్నా ఆ ఒక్క జవాబే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకొకటి. మందు మొదలెట్టిన తొలి వారాల్లో కళ్లు కాచుకుని ఉండాలి, పాతికేళ్ల లోపు వాళ్లయితే మరీను. దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక రావచ్చు, ఆ ఓపికతో ప్రాణం తీసుకునే ప్రమాదం ఉండొచ్చు. ఇంట్లో మందులన్నీ తాళం వేసి పెట్టండి. అనుమానంగా ఉంటే "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం తప్పు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గోలీలపెట్టె:
పొడి చేయకూడనివి ఉన్నాయి, నిజమే. ఆ మాట ముందే చెప్పాల్సింది. కానీ ఎంత చెప్పినా వినని మనిషితో ఏం చేయాలో మీరూ చెప్పలేదు.

కొత్తదారి:
మా తమ్ముడు మందుల్లేకుండానే బాగయ్యాడు. రోజూ పొద్దున్నే లాక్కెళ్లి గంట నడిపించాను, నాలుగు నెలలు. మనసు గట్టి చేసుకుంటే ఏదైనా సాధ్యమే.

పెద్దకూతురు:
మీ తమ్ముడు లేచి నడవగలిగాడు, సంతోషం. మా నాన్న పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిల్లడానికి లేపాల్సి వచ్చేది. తక్కువగా ఉన్నప్పుడు నడక, మాటల చికిత్స సరిపోవచ్చు. ముదిరినప్పుడు "గట్టి చేసుకో" అనే మాటే వాళ్లను ఇంకా కుంగదీస్తుంది. ఆ మాట మా ఇంట్లో నేనే అన్నాను, ఇప్పటికీ మింగుడుపడదు.

కిటికీపక్క:
పాప గురించి ఎవరూ రాయలేదు. నాకు పదేళ్లప్పుడు మా అమ్మకు వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ వారమే నాకు లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయి, అందుకే అమ్మ మాట్లాడటం లేదనుకున్నాను. ఏడాదంతా లెక్కలే చేశాను. పుస్తకం తీసుకెళ్లి మంచం పక్కన, అమ్మకు కనపడేలా పెట్టేదాన్ని. పాపకు మూడు మాటలు చెప్పండి చాలు: నాన్నకు జబ్బు, నీ వల్ల రాలేదు, నయం చేసే పని నీది కాదు.

మూడోఅంతస్తు:
ఇంతమంది రాశారు, ఏడుపొస్తోందని ఆమె అడిగినదానికి ఒక్కరూ జవాబివ్వలేదు. నేనూ నా గోడే చెప్పుకున్నాను, క్షమించమ్మా. 1987లో కోయిన్, ఆయన తోటివాళ్లు చేసిన అధ్యయనంలో డిప్రెషన్‌లో ఉన్న మనిషితో కలిసి ఉంటున్నవాళ్లలో దాదాపు 40 శాతం మందికి, వాళ్లకే మానసిక సాయం అవసరమయ్యేంత బాధ ఉందని తేలింది. నువ్వు బలహీనురాలివి కావు. ఆయన డాక్టరునే నీ గురించి ఒక్క పది నిమిషాలు అడుగు. నేను నాలుగేళ్లు ఆలస్యం చేశాను.

నీరెండ:
అన్నీ చదివాను. పాపకు నిన్న రాత్రి చెప్పాను. "మరి నేను టీవీ పెద్దగా పెట్టినందుకు కాదా?" అంది. ఎన్నాళ్లుగా మోస్తోందో.

లెక్కపెడుతున్నానని ఆయనకూ చెప్పేశాను. "తెలుసు, చుక్కలు చూశాను" అన్నారు. ఆ పూటంతా మాట్లాడలేదు. డబ్బా సంగతి ఇంకా ఎత్తలేదు.

డాక్టరును నా గురించి అడుగుతాను. సెలవు విషయం ఎవరైనా చెప్పండి, సోమవారం అడగాలి.

రాత్రిడ్యూటీ:
"ఇంట్లోవాళ్లకు చికిత్స జరుగుతోంది, నెలకు రెండుసార్లు వెంట వెళ్లాలి" అని చెప్పండి. జబ్బు పేరు చెప్పాలో వద్దో ముందు ఆయన్నే అడగండి.