పొదుపు సంఘాలు జాతీయ వ్యూహమయ్యాక నిరుపేద కుటుంబం ఎక్కడుంది?

పరిశోధక విద్యార్థి:
నమస్కారం. గ్రామీణ పేదరికంపై మన దేశం అనుసరించిన వ్యూహాల గురించి సెమినార్ పత్రం రాస్తున్నాను. 1970ల చివర మొదలైన ఐఆర్‌డీపీ (సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమం) ఒక్కొక్క కుటుంబానికి సబ్సిడీతో కూడిన అప్పు ఇచ్చి గేదెనో, కుట్టుమిషనునో కొనిపించింది. 1999లో దాని స్థానంలో వచ్చిన స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన పొదుపు సంఘాల వైపు మళ్లింది. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం కట్టిన సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అనే అంచెలను చాలావరకు నమూనాగా తీసుకుంది. అప్పు పుట్టడం వేరు, ఆదాయం పెరగడం వేరు అన్నది నా సందేహం. సంఘం ద్వారా అప్పు ఇప్పించడాన్ని పేదరిక నిర్మూలన అనవచ్చా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మీరు గీసిన గీత అంత స్పష్టమైనదేమీ కాదు. పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. ‘నూటికి మూడు రూపాయలు’ అంటే నెలకు వందకు మూడు, అంటే ఏడాదికి 36 శాతం. ఆ లెక్కన ఇరవై వేలు తెచ్చుకున్న కుటుంబం ఏడాదికి 7,200 రూపాయలు వడ్డీకే పోస్తుంది. అదే అప్పు పావలా వడ్డీకి, అంటే నెలకు వందకు పావలాకి దొరికితే ఏడాదికి 600తో సరిపోతుంది. మిగిలిన 6,600 రూపాయలు కూలి పెరగకుండానే ఇంట్లో నిలిచిన డబ్బు. దాన్ని ఆదాయం కాదని ఎలా అంటాం? అయితే వాయిదాలు సక్రమంగా కట్టిన సంఘాలకు ప్రభుత్వం వడ్డీ రాయితీని తర్వాత జమ చేసేది కనుక, ముందు పూర్తి వడ్డీ కట్టగలిగిన వారికే ఆ మేలు దక్కేది. ఐఆర్‌డీపీ సంగతంటారా, ఒకే గేదెను ముగ్గురు లబ్ధిదారుల పేరిట చూపించిన కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. సంఘం వచ్చాక ఆ బాగోతం తగ్గింది, ఎందుకంటే గేదె ఎవరిదో పక్కింటావిడకు తెలుసు.

గ్రామ సమాఖ్య మాజీ లెక్కల నిర్వాహకురాలు:
బ్యాంకు సార్ గారి లెక్క సరైనదే కానీ, అది సంఘంలో ఉన్నవాళ్ల లెక్క. మా ఊళ్లో రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయల పొదుపుతో మొదలుపెట్టాం. ఒక సభ్యురాలు ఏటా ఆరు నెలలు భర్తతో కలిసి ఇటుక బట్టీలకు వలస వెళ్లేది. రెండు సమావేశాలకు రాలేదు, మూడో నెల కిస్తీ ఆగింది. ఒకరు కట్టకపోతే తొమ్మిది మందికీ తర్వాతి బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, ఆగిపోతుంది కాబట్టి, ఆమెను తీసేద్దామని ఆమె సొంత వదినే అడిగింది. వదినను నేను తప్పుపట్టలేను. ఊళ్లో అతి నిరుపేదలు ఎవరో ఊరివాళ్లే గుర్తించే పద్ధతి అప్పటికే ఉంది; ఆ జాబితాలో ఆమె పేరు మొదటి వరుసలోనే ఉంది. అప్పు తీర్చే శక్తిని బట్టి సభ్యుల్ని నిలుపుకునే సంఘంలో మాత్రం ఆమెకు చోటు దొరకలేదు. అలా సంఘం నుంచి తొలగినవాళ్లు, చిన్న అప్పులిచ్చి వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కంపెనీలకు చిక్కారు. సంఘంలో ఉంటూనే మూడు నాలుగు చోట్ల అప్పు చేసినవాళ్లూ ఉన్నారు. ఆత్మహత్యల దాకా వెళ్లాకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది.

అభివృద్ధి రంగంలో పనిచేస్తున్న సభ్యుడు:
అమ్మగారు చెప్పిన ఖాళీని బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లోనే గుర్తించింది. అప్పు మోయలేని కుటుంబానికి ముందు ఆవునో, మేకలనో ఉచితంగా ఇచ్చి, వాటి ఆదాయం చేతికందేదాకా తిండి ఖర్చుకు కొంత భృతి, ఇంటికొచ్చి నేర్పే మనిషి, సుమారు రెండేళ్ల తోడ్పాటు అనే పద్ధతిని అక్కడ నడిపారు. భారత్, ఇథియోపియా, ఘనా సహా ఆరు దేశాల్లో దీన్ని పరీక్షించి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాల వినియోగం మెరుగ్గానే ఉందని తేలింది. బీహార్ 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన పేరుతో దీన్ని గ్రామ సమాఖ్యల ద్వారానే అమలు చేసింది. 2016 మద్యనిషేధంతో సారా, కల్లు అమ్మకాలపై ఆధారం పోగొట్టుకున్న కుటుంబాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. (మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం నుంచి పొదుపు సంఘాలు బలపడిన తీరు గుర్తుకు రాకమానదు.) దీనికి ఖర్చు ఎక్కువ, ఇంటింటికీ తిరిగే సిబ్బంది కావాలి. కాబట్టి మీ పత్రంలో ‘సంఘమా, కాదా’ అని కాకుండా, సంఘం దాకా రాలేని కుటుంబానికి మొదటి మెట్టు ఎవరు కడుతున్నారని అడగడం మేలు. వృద్ధులకూ వికలాంగులకూ ఆవు కాదు, పింఛను కావాలన్నది వేరే మాట.

పరిశోధక విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, సంఘం నుంచి తొలగినవారి వివరాలు తీర్మానాల పుస్తకంలో దొరుకుతాయా?

గ్రామ సమాఖ్య మాజీ లెక్కల నిర్వాహకురాలు:
పేరు, తేదీ, తిరిగిచ్చిన పొదుపు మొత్తం ఉంటాయి బాబూ. కారణం దగ్గర మాత్రం అందరికీ ‘సొంత ఇష్టంతో’ అనే రాసేవాళ్లం. ఆమెకూ అదే రాశాను.